కాంచనమాల ‘మాలపిల్ల’: ఆ పాత్ర వెనక పుస్తకాలు, పాత్రలో కనిపించని పల్లె

‘మాలపల్లి’, ‘మాలపిల్ల’ ఒకటి కావు. ఇది విడిగా చెప్పాల్సిన సంగతేనా అనిపించవచ్చు గానీ చెప్పక తప్పడం లేదు. విద్యార్థుల సెమినార్ పేపర్లలో, జయంతి సభల ప్రసంగాల్లో, అప్పుడప్పుడు సినిమా వ్యాసాల్లో కూడా ఈ రెండు పేర్లూ కలిసిపోతుంటాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ నవలనే గూడవల్లి రామబ్రహ్మం సినిమాగా తీశాడని రాసేస్తుంటారు. ‘మాలపల్లి’ 1922లో అచ్చయిన నవల. ఉన్నవ దాన్ని రాయవేలూరు జైల్లో రాశాడు. ‘మాలపిల్ల’ 1938 సెప్టెంబరు 25న విడుదలైన సినిమా. దానికి కథ ఇచ్చింది గుడిపాటి వెంకటచలం. మాటలు తాపీ ధర్మారావు రాశాడు. పాటల్లో బసవరాజు అప్పారావు గీతాలు ఉన్నాయి, ఆయన అప్పటికి అయిదేళ్ల కిందటే చనిపోయాడు. మాలపిల్ల శంపాలతగా నటించింది కాంచనమాల.

ఈ పొరపాటు సరిదిద్దుకోవడం పేర్ల కోసం మాత్రమే కాదు. నవలకూ సినిమాకూ మధ్య పదహారేళ్లలో ఒక పెద్ద మార్పు జరిగింది. పల్లెకు శత్రువు ఎవరు అన్న ప్రశ్నకు నవల చెప్పిన జవాబు వేరు, సినిమా చెప్పిన జవాబు వేరు. తెలుగు తెర మీద ‘మాలపిల్ల’ అనగానే ఇవాళ్టికీ గుర్తొచ్చే ముఖం కాంచనమాలది. ఆ ముఖం వెనక ఏ పుస్తకాలున్నాయో, ఏవి లేవో తెలియాలంటే ముందు ఈ మార్పు అర్థం కావాలి. కార్యకర్తలకూ ఈ అంశం మీద పని మొదలుపెట్టే విద్యార్థులకూ ఉపయోగపడేలా ఆ పుస్తకాలను ఇక్కడ ఒక దగ్గరకు తెస్తున్నాను. అన్నిటికీ సమానంగా చోటు ఇవ్వడం లేదు. కొన్నిటికి పేరు చెబితే చాలు.

నటి, ఆమె పాత్రలు

కాంచనమాల తెనాలి ప్రాంతం నుంచి వచ్చింది. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’తో సినిమాల్లోకి అడుగు పెట్టింది. ‘వీరాభిమన్యు’, ‘విప్రనారాయణ’, ‘గృహలక్ష్మి’ తర్వాత ‘మాలపిల్ల’ వచ్చింది. మరుసటి ఏడాది 1939లో బి.ఎన్.రెడ్డి ‘వందేమాతరం’, వై.వి.రావు ‘మళ్లీ పెళ్లి’, 1940లో మళ్లీ రామబ్రహ్మం దర్శకత్వంలోనే ‘ఇల్లాలు’, 1942లో జెమినీ వారి ‘బాలనాగమ్మ’. అక్కడితో ఆమె సినిమా జీవితం దాదాపుగా ఆగిపోయింది. 1963లో ‘నర్తనశాల’లో కాసేపు కనిపించింది. 1981లో మరణించింది.

ఈ వరుసను కొంచెం ఆగి చూడాలి. పురాణాలు, జానపదాలు పక్కన పెడితే మిగిలినవాటిలో ముఖ్యమైనవి సంస్కరణ పాత్రలు. ‘మాలపిల్ల’లో అంటరాని పిల్ల, ‘మళ్లీ పెళ్లి’లో విధవ. 1930ల చివర సంఘ సంస్కర్తలు ఎవరినైతే ‘ఉద్ధరించాలి’ అనుకున్నారో ఆ ఇద్దరు స్త్రీలకూ తెర మీద రూపం ఇచ్చింది ఒకే నటి. అందుకే ఆమె అందం గురించి ఆ తరం అంతగా చెప్పుకొంది. సంస్కరణ అనే చేదు మందును ప్రేక్షకుడి చేత తాగించడానికి ఆ అందమే తేనె అయింది. సినిమా రెండో సగంలో శంపాలత కలకత్తా చేరాక చీరకట్టు, నడక, మాట అన్నీ మారిపోతాయి. ప్రేక్షకులు గుర్తుపెట్టుకున్న కాంచనమాల కూడా ఎక్కువగా ఆ రెండో సగంలోని ఆమే. పల్లెలో ఉన్న పిల్ల కన్నా పల్లె వదిలిన పిల్ల వాళ్లకు నచ్చింది.

ఆమె తరం నటీమణుల్లో భానుమతి ‘నాలో నేను’ అని తన కథ తనే రాసుకుంది. కాంచనమాల గురించి మనం చదివేదంతా ఇతరులు చెప్పినది, అందులో ఎక్కువ భాగం అందం గురించీ చివరి రోజుల దుఃఖం గురించీ. ఆమె పోషించిన పాత్ర ఏ పల్లె నుంచి వచ్చిందన్న ప్రశ్న ఆ రాతల్లో అరుదు.

చౌదరయ్య ఎటు మారాడు

ఇప్పుడు నవల దగ్గరకు వద్దాం. ‘మాలపల్లి’కి ‘సంగవిజయం’ అని ఇంకో పేరు ఉంది. రామదాసు కుటుంబం చుట్టూ నడిచే కథ. కొడుకు సంగదాసు ఊళ్లోని పెద్ద రైతు చౌదరయ్య దగ్గర పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి అతను స్నేహితుడు కూడా. కూలి గింజల తగాదా వస్తుంది, పని మానేస్తారు, చౌదరయ్య చేతి దెబ్బకు సంగదాసు ప్రాణం పోతుంది. తమ్ముడు వెంకటదాసు తిరగబడి అడవి దారి పడతాడు. ఇంటి ఆడపిల్ల జ్యోతి కథ కూడా విషాదంగానే ముగుస్తుంది. మద్రాసు ప్రభుత్వం ఈ నవలను నిషేధించింది, తర్వాత సడలించింది, మళ్లీ పట్టుకుంది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకే ఆ గొడవ తీరింది. రాజమండ్రి నుంచి బందరు దాకా రాజకీయాలు మాట్లాడుకునే ప్రతి ఇంట్లో ఈ పుస్తకం పేరు తెలుసు. కాబట్టి ఆ మరుసటి ఏడాదే ‘మాలపిల్ల’ అన్న పేరుతో సినిమా వచ్చిందంటే, నవల పేరు మోగుతుండగానే వచ్చిందన్న మాట. రెండు పేర్లూ కలిసిపోవడం అప్పటి నుంచే మొదలై ఉండాలి.

సినిమా కథ ఇది. కళ్యాణపురం అనే ఊరు. గుడి ధర్మకర్త సుందరరామశాస్త్రి. ఈ పాత్ర వేసింది గోవిందరాజుల సుబ్బారావు. హరిజనులు గుడిలోకి రావాలంటారు, శాస్త్రి కాదంటాడు. చెరువు నీళ్ల దగ్గరా కట్టడి చేస్తారు. శాస్త్రి కొడుకు నాగరాజు శంపాలతను ప్రేమిస్తాడు. ఇద్దరూ ఆమె చెల్లెలు అనసూయను వెంటబెట్టుకుని కలకత్తా వెళ్లిపోతారు. శాస్త్రి ఇల్లు అంటుకున్నప్పుడు లోపల చిక్కుకున్న భార్యను ఒక హరిజనుడు కాపాడతాడు. శాస్త్రి మనసు మారుతుంది. గుడి తలుపులు తెరుచుకుంటాయి. ఈ కథలో హరిజనులకు ధైర్యం చెప్పి, శాంతంగా నడిపించే గాంధేయవాది ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు చౌదరయ్య.

నవలలో పాలేరును చంపిన భూస్వామి పేరు, సినిమాలో పల్లెను నడిపించే పెద్దమనిషి పేరు ఒకటే కావడం యాదృచ్ఛికం కావచ్చు, కాకపోవచ్చు. ఎవరు ఏ ఉద్దేశంతో పెట్టారో నిరూపించాల్సిన పని నాకు లేదు. రెండు చౌదరయ్యలనూ పక్కపక్కన పెడితే కనబడేది స్పష్టంగానే ఉంది. నవలలో తగాదా పొలంలో ఉంది, కూలి కొలత దగ్గర ఉంది. సినిమాలో తగాదా గుడి మెట్ల దగ్గరకు వెళ్లింది. నవలలో దోషి పొలం ఉన్న మనిషి. సినిమాలో దోషి గుడి తాళం ఉన్న మనిషి. పొలం ఉన్న మనిషి అక్కడ మిత్రుడయ్యాడు. కృష్ణా డెల్టాలో ఆనకట్ట కింద వరి పొలాలు విస్తరించిన తర్వాత మాల, మాదిగ కూలీల రోజువారీ బతుకు ఎవరి చేతిలో ఉందో ఈ ప్రాంతం తెలిసిన వాళ్లకు వివరించక్కర్లేదు.

చలం కథ కాబట్టి శంపాలత పాత్రలో ప్రేమ విషయంలో ఒక తెగింపు ఉంది. ‘మైదానం’ రాసిన చలం స్త్రీలు ఇల్లు దాటి వెళ్తారు. శంపాలత ఊరు దాటి వెళ్తుంది. తేడా ఒకటే. చలం రాజేశ్వరి దాటింది తనను కట్టేసిన సొంత కులపు గడప. శంపాలతకు దాటాల్సిన గడప తనది కాదు, ఊరిది. ఊరు వదిలి వెళ్లడం ఆమెకు స్వేచ్ఛా, వెలివేతా? సినిమా ఈ ప్రశ్న వేసుకోదు. చలాన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ‘స్త్రీ’ లాంటి పుస్తకంతో పాటు ఈ సినిమా కథను కూడా పెట్టుకుని చదివితే, చలం స్త్రీ స్వేచ్ఛ వాదంలో కులం ఎక్కడ నిలబడిందో చూడడానికి వీలవుతుంది.

తాపీ ధర్మారావు మాటల గురించి ఒక్క మాట చాలు. గ్రాంథికం రాజ్యమేలుతున్న తెరకు ఆయన వాడుక మాట తెచ్చాడు. ‘దేవాలయాల మీద బూతు బొమ్మలెందుకు’ అని పుస్తకం రాసిన మనిషి, గుడి ప్రవేశం మీద వచ్చిన సినిమాకు మాటలు రాయడం దానికదే ఆసక్తికరం.

చల్లపల్లి డబ్బు, దివి పొలాలు

సినిమా తీసింది సారథి ఫిలిమ్స్. దానికి పెట్టుబడి పెట్టి అధ్యక్షుడిగా నిలిచింది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. జస్టిస్ పార్టీ మనిషి. దర్శకుడు రామబ్రహ్మం కృష్ణా జిల్లా నందమూరు వాడు, ‘ప్రజామిత్ర’ పత్రిక నడిపిన సంపాదకుడు. సినిమా విడుదలైనప్పుడు బ్రాహ్మణులకు ఉచిత ప్రవేశం అని ప్రకటించారనీ, చూసి వచ్చిన కొందరు ఇంటికి వెళ్లి తలస్నానం చేశారనీ కథలు కథలుగా చెబుతారు. అవి ఎంతవరకు నిజమో గానీ, ఆ కథల్లో ఎప్పుడూ ఇద్దరే మనుషులు. సినిమా తీసిన బ్రాహ్మణేతరుడు, చూసి మైలపడ్డ బ్రాహ్మణుడు. నేల టిక్కెట్టులో కూర్చుని చూసిన మాలపిల్ల ఆ కథల్లో ఉండదు.

చల్లపల్లి అంటే దివిసీమ ముఖద్వారం. ఆ ఎస్టేటు పొలాలు దివి తాలూకాలో విస్తరించి ఉండేవి. అక్కడ దున్నిన, నాట్లు వేసిన, కోత కోసిన వాళ్లలో పెద్ద భాగం పల్లెల వాళ్లే. గుడి తలుపు తెరవమన్న సినిమాకు డబ్బిచ్చిన చేతి కిందే ఆ పొలాలు ఉన్నాయి. దశాబ్దాల తర్వాత చల్లపల్లి భూముల కోసం జరిగిన పోరాటం కృష్ణా జిల్లా కమ్యూనిస్టు చరిత్రలో పెద్ద ఘట్టం. ఆ పోరాటంతో ముడిపడిన పేరు నిడుమోలు ఎమ్మెల్యేగా పనిచేసిన గుంటూరు బాపనయ్య. దళితుడు. బందరు నుంచి పామర్రు వైపు వెళ్తుంటే నిడుమోలు దారిలోనే తగులుతుంది. చల్లపల్లి కోట, నిడుమోలు రెండూ ఒకే పూటలో చూడగలిగినంత దగ్గర. ‘మాలపిల్ల’ మీద పరిశోధన చేసేవాళ్లు ఆ భూపోరాటం గురించి వచ్చిన పార్టీ ప్రచురణలనూ స్మృతి సంచికలనూ కూడా సినిమా పుస్తకాల జాబితాలో చేర్చుకోవాలని నా సలహా. సినిమా చెప్పకుండా వదిలేసిన సగం కథ వాటిలో ఉంది.

రామబ్రహ్మం మరుసటి సినిమా ‘రైతుబిడ్డ’ 1939లో వచ్చింది. జమీందారీ వ్యవస్థ మీద తీసిన సినిమాకు డబ్బు పెట్టింది మళ్లీ జమీందారే. బొబ్బిలి, వెంకటగిరి జమీందార్లు అడ్డుపడ్డారు. దాని రచనలో గుడివాడ పక్కన అంగలూరులో పుట్టిన త్రిపురనేని గోపీచంద్ చెయ్యి ఉంది. ఆయన తండ్రి త్రిపురనేని రామస్వామి 1920లో ‘శంబుక వధ’ నాటకం రాశాడు. తపస్సు చేసినందుకు రాముడి చేతిలో చచ్చిపోయిన శూద్రుడి కథ అది. బ్రాహ్మణాధిక్యం మీద అంత పదునుగా ఎక్కుపెట్టిన డెల్టా రైతుకుల మేధావుల కలం, తమ పొలం గట్టు మీద నిలబడ్డ మాల కూలీ వైపు తిరిగినప్పుడు ఎంత మెత్తబడిందో ‘శంబుక వధ’, ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’ మూడూ కలిపి చదివితే తెలుస్తుంది. ‘రైతుబిడ్డ’ పేరులోనే రైతు బిడ్డ ఉంది, కూలి బిడ్డ లేదు.

ఈ విషయం మీద లోతైన పని కావాలంటే ఎస్.వి.శ్రీనివాస్ 2013లో ఇంగ్లీషులో రాసిన ‘పాలిటిక్స్ యాజ్ పెర్ఫార్మెన్స్’ తప్పకుండా చదవాలి. తెలుగు సినిమా సామాజిక చరిత్ర అది. సంస్కరణ సినిమాలను కులం, రైతు రాజకీయాలు, పెట్టుబడి మధ్య పెట్టి చూస్తుంది. ఆశిష్ రాజాధ్యక్ష, పాల్ విలెమెన్ కూర్చిన భారతీయ సినిమా విజ్ఞాన సర్వస్వం తేదీలు, పేర్లు సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

గుడి తలుపు ఎవరు అడిగారు

సినిమా చూస్తే గుడి ప్రవేశం ఒక గాంధేయ పెద్దమనిషి పల్లెకు నేర్పిన కోరికలా కనిపిస్తుంది. చరిత్ర అలా లేదు. 1917 నవంబరులో బెజవాడలో ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగింది. ఏర్పాటు చేసినవాడు గుడివాడలో సేవాశ్రమం నడిపిన గూడూరు రామచంద్రరావు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మ వచ్చాడు. పంచములమని ఎవరో పెట్టిన పేరు వద్దు, మేము ఈ నేల మొదటి మనుషులం అని చెప్పి సభ పేరునే ఆది ఆంధ్ర మహాసభగా మార్చారు. సభ జరిగిన రోజుల్లో వీళ్లంతా ఎక్కడ లోపలికి వస్తారోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. అంటే సినిమాకు ఇరవై ఏళ్ల ముందే కృష్ణ ఒడ్డున గుడి తలుపు మూసుకున్నది, పల్లె మనుషులు తమంతట తాము ఒక చోట చేరారన్న భయంతో. యాగాటి చిన్నారావు ‘దళిత్స్ స్ట్రగుల్ ఫర్ ఐడెంటిటీ’ ఈ కాలానికి మంచి ఆధారం. 1900 నుంచి 1950 దాకా ఆంధ్ర, హైదరాబాదు దళిత ఉద్యమాల చరిత్ర అందులో ఉంది. ‘మాలపిల్ల’ గురించి రాసే ఏ విద్యార్థి అయినా సినిమా పుస్తకాల కన్నా ముందు దాన్ని చదవాలి.

సినిమా విడుదలైన సంవత్సరాన్ని చూడండి. 1936 నవంబరులో తిరువాంకూరు సంస్థానం గుళ్లు తెరిచింది. ఆ వార్త దేశమంతా పాకింది. 1938 ఆగస్టులో మద్రాసు శాసనసభలో ఎం.సి.రాజా ఆలయ ప్రవేశ బిల్లు పెట్టాడు. ప్రధానిగా ఉన్న రాజగోపాలాచారి వెనక్కి తీసుకోమన్నాడు. రాజా తీసుకోలేదు. కాంగ్రెసు మెజారిటీ సభలో బిల్లు వీగిపోయింది. నెల రోజుల తర్వాత థియేటర్లలో కళ్యాణపురం గుడి తలుపులు తెరుచుకున్నాయి. శాసనసభలో దళిత ప్రతినిధి పెట్టిన బిల్లు ఓడిపోయిన చోట, తెర మీద అగ్రకుల హృదయ పరివర్తన గెలిచింది. మద్రాసు రాష్ట్రమంతటా ఆలయ ప్రవేశాన్ని హక్కుగా చేసిన చట్టం రావడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. ఆలయ ప్రవేశ బిల్లుల చుట్టూ జరిగిన రాజకీయం తెలియాలంటే అంబేడ్కర్ 1945లో రాసిన, కాంగ్రెసూ గాంధీ అంటరానివారికి చేసిందేమిటి అని నిలదీసిన పుస్తకం ఉంది. గుడి తలుపు కన్నా చదువు, ఉద్యోగం, అధికారం ముఖ్యమని ఆయన 1933లోనే చెప్పాడు. శంపాలతకు గుడి ఎందుకు కావాలి అన్న ప్రశ్న ఆ మాట పక్కన పెట్టి అడిగితే పదునెక్కుతుంది.

ఇంకో సంగతి. కృష్ణా డెల్టా పల్లెల్లో 1938 నాటికి చాలామంది గుడి గురించి ఆలోచించడం మానేసి చాలా కాలమైంది. బందరులో చర్చి మిషనరీ సొసైటీ పని 1841లో మొదలైంది. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నాక మాల పల్లెల్లో అది వేగంగా పాకింది. ప్రార్థన గది, రాత్రి బడి, కీర్తనల పుస్తకం పల్లెలోకి వచ్చాయి. పల్లెలో అక్షరం మొదట తెరిచిన పుస్తకం చాలా ఇళ్లలో బైబిలే. సినిమాలోని మాలవాడలో ఈ పుస్తకం ఎక్కడా కనబడదు. చదువుకున్న శంపాలతను చూపించాలంటే ఆమెను కలకత్తా తీసుకెళ్లాల్సి వచ్చింది గానీ, పక్క ఊరి మిషన్ బడికి పంపాలని ఎవరికీ తోచలేదు.

సినిమా వచ్చిన మూడేళ్లకు, 1941లో, గుర్రం జాషువా ‘గబ్బిలం’ వచ్చింది. గుడిలోకి రానివ్వని అరుంధతీసుతుడు తన మాట శివుడికి చేరవేయమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడి చూరుకు వేలాడే గబ్బిలానికి ప్రవేశం ఉంది, అతనికి లేదు. ఇక్కడ ఎవరి మనసూ మారదు, ఎవరూ తలుపులు తెరవరు. సినిమా చివరి దృశ్యం చూసి ‘గబ్బిలం’ తెరిస్తే జాషువా ఆ దృశ్యానికి బదులు రాశాడేమో అనిపిస్తుంది. అలా అనుకుని రాశాడని చెప్పడం లేదు.

ఇంకో నటి

కాంచనమాల మాలపిల్లగా నటించి తెలుగుదేశమంతటా పేరు తెచ్చుకుంది. అదే తరంలో కేరళలో పి.కె.రోజీ అనే దళిత స్త్రీ, మలయాళపు తొలి సినిమా ‘విగతకుమారన్’లో నాయర్ స్త్రీగా నటించింది. తిరువనంతపురంలో సినిమా ఆడినప్పుడు పుట్టిన ఆగ్రహానికి ఆమె ఊరు విడిచి తమిళ ప్రాంతానికి పారిపోవాల్సి వచ్చింది. ఆమె మీద వినూ అబ్రహాం ‘నష్టనాయిక’ అని మలయాళంలో నవల రాశాడు, దాని ఆధారంగా 2013లో ‘సెల్యులాయిడ్’ సినిమా వచ్చింది. తెర మీద కులం కిందికి దిగి నటిస్తే కళ. పైకి ఎక్కి నటిస్తే నేరం. రెండూ పక్కపక్కన పెట్టి చదవకపోతే ‘మాలపిల్ల’ సాహసం ఎంతో, దాని హద్దు ఎక్కడో తెలియదు.

థియేటరు కూడా కులం లేని చోటేమీ కాదు. 1991లో చుండూరు మారణకాండకు దారితీసిన గొడవ సినిమా హాల్లో మొదలైంది. దళిత యువకుడి కాలు ముందు సీటు మనిషికి తగిలిందన్నది కారణం. ఆ ఊరు కాంచనమాల పుట్టిపెరిగిన తెనాలి ప్రాంతంలోదే.

పల్లె పిల్ల ఏ పుస్తకంలో ఉంది

సినిమా వచ్చిన కాలానికి దళిత స్త్రీ ఎవరూ రాయడం లేదా? రాసింది. తాడి నాగమ్మ 1908లో పుట్టింది. తెలుగులో తొలి దళిత కథా రచయిత్రిగా ఆమెను గుర్తిస్తున్నారు. ‘ఒక ముద్దు’ ఆమె కథ. ఆమెను మళ్లీ వెలుగులోకి తెచ్చింది గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలు ఒక చోట చేర్చిన పుస్తకం. ఈ వ్యాసంలో పేర్కొన్న వాటిలో ఒక్కటే కొనగలిగితే అది కొనండి. శంపాలత కోసం మాటలు చలమూ ధర్మారావూ రాస్తున్న రోజుల్లోనే తన మాటలు తనే రాసుకున్న స్త్రీ ఉందన్న సంగతి చేతిలో పెడుతుంది.

కళాకారుల వైపు నుంచి చూడాలనుకుంటే జి.కళ్యాణరావు ‘అంటరాని వసంతం’. నాటకాలూ సినిమాలూ మాల పాత్రను కనిపెట్టక ముందే పల్లెలో ఆట ఉంది, పాట ఉంది, ఉరుముల దరువు ఉంది, వీధినాటకం ఉంది. ఎల్లన్న కథ అదే చెబుతుంది. ‘మాలపిల్ల’ మాలవాడను అన్యాయానికి గురైన చోటుగా చూపించింది గానీ కళ పుట్టిన చోటుగా చూపించలేదు.

గుడివాడ దగ్గరకు మళ్లీ వస్తే, సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన ‘యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్’. శివసాగర్‌గా మనకు తెలిసిన కె.జి.సత్యమూర్తి, ఆయన చెల్లెలు మంజుల, ఆమె కూతురు సుజాత. మూడు తరాల మాల క్రైస్తవ కుటుంబం కథ. గుడివాడ పేటలు, మిషన్ బడులు, కమ్యూనిస్టు పార్టీ, నాటక బృందాలు, అద్దె ఇళ్లు ఇందులో ఉన్నాయి. ఈ పుస్తకాన్ని చాలామంది శివసాగర్ కోసం చదువుతారు. నేను మంజుల కోసం చదవమంటాను. డెల్టాలో పుట్టిన మాలపిల్ల చదువు కోసం నిజంగా దూర దేశం వెళ్తే ఏమవుతుందో ఆమె కథలో ఉంది. శంపాలత కలకత్తా వెళ్లింది, మంజుల కాశీ వెళ్లింది. హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసింది. ఎవరితోనూ పారిపోలేదు. అన్నల పెత్తనం, డబ్బు లేమి, తరగతి గదిలో కులం, తర్వాత పెళ్లిలో దెబ్బలు, ఊరూరా మారే లెక్చరర్ ఉద్యోగం. అగ్రకుల ప్రేమికుడు లేకుండా, మనసు మారిన ధర్మకర్త లేకుండా ఒక మాలపిల్ల చదువుకుని బతికిన కథ ఇది. సినిమా తీయదగ్గ పాత్ర అంటే నా దృష్టిలో అది.

గుడి సంగతి తేలాలంటే ఇంకో జీవిత చరిత్ర ఉంది. గోగు శ్యామల 2011లో ప్రచురించిన ‘నేనే బలాన్ని’. సికింద్రాబాదు మాదిగ కుటుంబంలో పుట్టిన టి.ఎన్.సదాలక్ష్మి జీవితం. దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో ఆమె దేవాదాయ శాఖ మంత్రి. కళ్యాణపురం గుడి తలుపు తెర మీద తెరుచుకున్న ఇరవై రెండేళ్లకు, 1960లో, ఆంధ్రప్రదేశ్‌లోని గుళ్ల పాలన చూసే శాఖ ఒక దళిత స్త్రీ చేతికి వచ్చింది. ‘మాలపిల్ల’ సినిమా గురించి వందల పేజీలు రాసిన వాళ్లలో ఆ పుస్తకం తెరిచిన వాళ్లు తక్కువ.